గృహవ్యవహారములు: నీటిలో నున్న బఱ్ఱెకు బేరము

బఱ్ఱెను నీటిలో నుంచి బేరమాడినట్లు అని మన పెద్దలు తెలివితక్కువ బేరమును గూర్చి చెప్పుదురు. నీటికి పైనున్న వీపును, కొమ్ములను చూచి, కాళ్ళు సరిగా నున్నవో కుంటివో, పొదుగు ఎట్లున్నదో ఎవ్వరును చెప్పజాలరు. ఈ సామెత పశువుల సంతకే కాక, అమెరికా దేశమున పాతపడవలు అమ్ముచోటికిని చక్కగా వర్తించును. రేవులో తళతళ మెఱయుచు తేలుచున్న పడవను చూచి, నీటికి పైనున్న సగమునకే ధర కట్టి సొమ్ము చెల్లించినవారు పిమ్మట రెండవ సగమునకు మఱల సొమ్ము పెట్టవలసి వచ్చును. ఏలన, పడవ దోషములలో మిక్కిలి ఖర్చు తెచ్చునవి నీటి క్రిందనో, అట్టడుగు గుంటలోనో, గోడల లోపలనో దాగియుండును.

మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరము చుట్టుపట్ల తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. మా చదువరులలో కొందఱి కుమార్తెలును కోడండ్రును అచ్చట కాపురముండుటచే, ఈ నెల ఈ శీర్షికను వారి కొఱకు వినియోగించుచున్నాము. ఆ నగరమునకు ఈశాన్యమున సెయింట్ క్లెయిర్ సరస్సు కలదు. దాని వైశాల్యము సుమారు 430 చదరపు మైళ్ళు. సగటు లోతు మాత్రము సుమారు 11 అడుగులే. ఉత్తరమున సెయింట్ క్లెయిర్ నది దానిని హ్యూరన్ మహాసరస్సుతోను, దక్షిణమున డెట్రాయిట్ నది ఈరీ మహాసరస్సుతోను కలుపుచున్నవి. వేసవిలో శని ఆదివారములందు ఆ నీరంతయు పడవలతో నిండియుండును. స్నేహితుల పడవపై ఒక్కదినము విహరించి వచ్చిన కుటుంబమునకు తామును ఒకటి కొనవలెనను కోరిక పుట్టుట వింత కాదు.

ఇట్లు కుటుంబములు కోరు పడవకు క్యాబిన్ క్రూయిజరు అని పేరు. అనగా గదులు గల మోటారు పడవ. గోదావరిపై పాపికొండలకు పోవు లాంచీని చూచినవారికి ఇది కొంత బోధపడును. కాని లాంచీ పదుల కొలది ప్రయాణికులకు, ఇది ఒక్క కుటుంబమునకు. ముందు దిగువగదిలో పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి యుండును. వెనుక నెత్తైన చోట పడవ నడుపు చక్రమును, కూర్చుండుటకు బల్లలును ఉండును. 26 మొదలు 35 అడుగుల పొడవు గలవి సామాన్యముగా కుటుంబములకు సరిపోవును. క్రొత్తది కొనవలెనన్న రెండు లక్షల డాలర్లకు పైమాటే గాన, మొదటిసారి కొనువారు పదునైదిరువది యేండ్ల పాతదానిని వెదకుట వాడుక. ఇల్లు కొనునప్పుడు ఇల్లాలి మాట అడుగుదురు. పడవ యన్నచో అది పురుషుల వేడుక యని ఆమె ఊరకుండుట కలదు. అది సరికాదు. పడవలో పెట్టు సొమ్ము బిడ్డల చదువునకు దాచు సొమ్ము నుండియే తీయవలయును. పడవలో నిద్రించువారును ఆ బిడ్డలే.

మొట్టమొదట ఆలోచింపవలసినది కుటుంబ పరిమాణము. అమ్మకపు ప్రకటనలలో ఆరుగురు పరుండవచ్చునని వ్రాసియుండును. ఆ ఆరుగురు ఎట్లు పరుందురో లెక్కించి చూడవలెను. ముక్కుభాగమున ఇద్దఱు, వెనుకటి నడిగదిలో వంగి దూఱవలసిన పడకపై ఇద్దఱు, భోజనపు బల్లను దింపి పఱుపు వేసినయెడల మఱి యిద్దఱు. ఆ కడపటి యిద్దఱు లేచువఱకు తక్కినవారికి కాఫీ త్రాగుటకును చోటుండదు. కావున ఆరుగురి పడవ నలుగురికి సుఖమని యెంచుకొనుట మేలు. అత్తగారు మెట్లు దిగి గదిలోనికి పోగలరా, పసిబిడ్డ చేయిజాఱిన పట్టుకొనుటకు అంచున కమ్మీ లున్నవా, వంట చేయుచున్నపుడు కిటికీ తెఱచుకొనునా అను సంగతులు రేవులో నుండగనే చూచుకొనవలెను. మరుగుదొడ్డిని గూర్చియు అడుగవలెను. మిషిగన్ జలములలో పడవ మలినమును వదలుట నిషిద్ధము. అది లోపలి తొట్టిలో నిలువయుండగా, రేవునకు వచ్చి పంపుతో తోడించుకొనవలయును. ఆ తొట్టియు గొట్టములును పాతబడినచో ఆ వాసన పఱుపులకు పట్టి వదలదు.

వాసన యనగా, పాతపడవను మొదటిసారి చూడబోవునప్పుడు కన్నుల కంటె ముందు ముక్కునకు పని చెప్పవలెనని మా సలహా. గది తలుపులు, కిటికీలు ముందుగా తెఱచి గాలి ఆడనీయవద్దని అమ్ముజూపరికి చెప్పి పంపుడు. గదిలో అడుగిడగానే తడిసిన గోనెసంచి వాసన వచ్చినచో, పైనుండియో ప్రక్కనుండియో వాననీరు దిగుచున్నదన్న మాట. పెట్రోలు వాసన వచ్చినచో అది దోషమే కాదు, ప్రమాదము. ఆ కారణము తెలిసి బాగుపడువఱకు ఆ పడవలో ఇంజను త్రిప్పనీయరాదు. సుగంధద్రవ్యము చల్లిన వాసన దట్టముగా వచ్చినచో, అది దేనిని కప్పుటకో అడుగుడు. పిదప పఱుపులెత్తి, అలమారుల మూలలలో చేయి పెట్టి, నేలపలక తీసి బిల్జి యను అట్టడుగు గుంటను చూడుడు. గోడలపై నీరు నిలిచిన గీతలున్నయెడల పడవ ఒకప్పుడు సగము మునిగినదేమో యని అనుమానింపవలెను. బీరువా చాటునను బియ్యపు డబ్బా క్రిందను తేమను కనిపెట్టు అలవాటు గల ఇల్లాండ్రకు ఈ పని క్రొత్త కాదు.

ఈ పడవలు ఫైబరుగ్లాసుతో చేసినవి. అది కుళ్ళదని అమ్మువారు చెప్పుదురు, నిజమే. కాని పైతట్టు తేలికగాను గట్టిగాను ఉండుటకై రెండు ఫైబరుగ్లాసు పొరల నడుమ బాల్సా యను తేలికపాటి కఱ్ఱనో, ప్లైవుడ్డునో పెట్టుట వాడుక. కమ్మీలు, కొక్కెములు బిగించిన మఱల చుట్టు పూత ఎండి పగిలినచో అందుండి నీరు లోనికి దిగి, ఆ కఱ్ఱను ఏండ్ల తరబడి కుళ్ళబెట్టును. పైకి ఏమియు కనబడదు. చెప్పులు విడిచి తట్టుపై మెల్లగా నడిచి చూడుడు. ఎచ్చటనైన అడుగు క్రిందికి దిగినట్లు మెత్తగా తోచినయెడల ఆ చోటును గుర్తుంచుకొనుడు. దానిని కోసి క్రొత్తకఱ్ఱ పెట్టించుట వేల డాలర్ల పని.

ఇంతవఱకు చూచినది నీటికి పైనున్న బఱ్ఱెను మాత్రమే. ఇక దానిని ఒడ్డున కెక్కింపవలయును. కొనుగోలు ఒప్పందములో, సర్వేయును నీటిపరీక్షయు తృప్తికరముగా నుండినగాని కొనబోమనియు, తృప్తికరము కానిచో బయానా సొమ్ము తిరిగి యీయవలెననియు స్పష్టముగా వ్రాయించుకొనుడు. పిమ్మట మీరే ఒక సర్వేయరును నియమించుకొనుడు. అమ్మువాడు చూపినవాడు వలదు. అతని మేలు చూచువాడు మీ మేలు చూడజాలడు. అమెరికాలో అక్రెడిటెడ్ మెరైన్ సర్వేయర్ల సంఘమనియు, జాతీయ మెరైన్ సర్వేయర్ల సంఘమనియు రెండు సంస్థలు కలవు. వాని సభ్యుల జాబితాలనుండి ఎంచుకొనవచ్చును. కూలి పడవ పొడవును బట్టి అడుగునకు ఇంత యని యుండును. సుమారు 20 మొదలు 30 డాలర్ల వఱకు కలదు. పెద్దపట్టీలు గల యంత్రముతో పడవను పైకెత్తించు కూలి వేఱుగా కొనువారే యిచ్చుకొందురు. సర్వేయరు చిన్న సుత్తితో అడుగంతయు తట్టి చప్పుడు వినును. గట్టిచోట ఖంగున మ్రోగును, చెడినచోట చప్పగా పలుకును. మార్కెట్టులో కొబ్బరికాయను తట్టి చూచుట వంటిదే యిది. తేమ కొలుచు పరికరము పెట్టి చూచును. అడుగున నీటిబొబ్బలున్నవో లేవో వ్రాసికొనును. ఆ దినమున మీరును వెంటనుండుడు. నివేదికలో వ్రాయు పది పుటల కంటె ఆతడు పనిచేయుచు చెప్పు మాటలే ఎక్కువ ఉపయోగించును.

ఇంజనుల పరీక్ష వేఱు. సామాన్య సర్వేయరు ఇంజను లోపలికి పోడు గాన, ఆ జాతి ఇంజను నెఱిగిన మెకానిక్కును పిలువవలెను. పరీక్షకు వచ్చువఱకు ఇంజను చల్లగా నుంచుమని అమ్మువానికి చెప్పుడు. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచుకొనును. నీటిపరీక్షలో పడవను ఒక గంటయైనను నడిపి, పూర్తివేగమున కొంతసేపు పోనిచ్చి, పొగ రంగును, వేడిమిని చూడవలెను. ఇంజను పొగను చల్లార్చి బయటికి పంపు ఇనుప భాగములు ఉప్పునీట ఐదాఱేండ్లలో లోలోపల తినివేయబడును. అవి చిల్లిపడినచో నీరు ఇంజనులోనికే దిగును. మహాసరస్సుల నీరు మంచినీరు గాన అచ్చటనే పెరిగిన పడవకు ఈ బాధ తక్కువ. అందుచే దాని ధరయు ఎక్కువ. అయితే అమ్మునది నిజముగా సరస్సు పడవయేనా, ఫ్లోరిడా సముద్రతీరమున పదేండ్లుండి వచ్చినదా యని పాతకాగితములు చూచి తెలిసికొనుడు. వెనుకభాగమున బయటికి వ్రేలాడు నడుపుయంత్రము గలవానిలో రబ్బరు తొడుగు లుండును. ఆ రబ్బరు చినిగినయెడల రేవులో కట్టిన పడవయే రాత్రికి రాత్రి మునుగవచ్చును. వానిని ఎప్పుడు మార్చిరో రసీదు చూపుమని అడుగుడు.

కొనుటకు ఏ ఋతువు మంచిదని అడుగువారికి మా జవాబిది. మిషిగన్ లో పడవకాలము రమారమి మే నెలనుండి అక్టోబరు వఱకే. శీతకాలమున పడవలన్నియు ఒడ్డున ప్లాస్టిక్కు ముసుగులలో నుండును. అప్పుడు ధర కొంచెము దిగును. అడుగును చూచుటకును వీలగును. కాని ఇంజను నీటిపై నడిపి చూచు వీలు లేదు. బఱ్ఱె ఒడ్డున నున్నది గాని నడచి చూపదు. అట్టి సమయమున కొనవలసివచ్చినచో, ధరలో కొంతభాగమును మూడవవారియొద్ద నిలిపి, వసంతమున నీటిపరీక్ష జరిగిన పిమ్మట చెల్లించునట్లు ఒప్పందము చేసికొనుడు. దానికంటె సెప్టెంబరులో, పడవ ఇంకను నీటనుండగా చూచి, పైకెత్తించి కొనుట మేలు.

కాగితముల విషయమున అశ్రద్ధ చేయరాదు. 1972వ సంవత్సరము నవంబరు 1 తరువాత తయారైన ప్రతిపడవకును 12 అక్షరముల గుర్తింపుసంఖ్య కలదు. అది వెనుకతట్టున కుడివైపు చెక్కబడియుండును. కాగితములలోని సంఖ్యయు ఇదియు ఒక్కటేనా యని అక్షరమక్షరము సరిచూడుడు. మిషిగన్ లో 20 అడుగులు, అంతకు మించిన పడవకు యాజమాన్యపత్రము తప్పనిసరి. పెద్దపడవలు కొన్ని కోస్ట్ గార్డు దస్త్రములలోను నమోదై యుండును. అట్టివాని చరిత్రపత్రమును జాతీయ నౌకా నమోదు కేంద్రమునుండి తెప్పించుకొనవచ్చును. ఇది యేల యన, పడవపైనున్న అప్పు మనిషిని కాక పడవను పట్టుకొనియుండును. పాతయజమాని బ్యాంకునకు గాని, మరమ్మతు కార్ఖానాకు గాని బాకీ పడినయెడల, తెలియక కొన్న మీ పడవపైకే వారు వత్తురు. రాష్ట్రపు పన్ను నూటికి 6 వంతున ధరకు తోడగును. సర్వే నివేదిక లేనిదే పాతపడవకు బీమా దొరకుట కష్టము గాన, సొమ్ము చెల్లింపకమునుపే బీమా కంపెనీని విచారించుడు.

ఇక ఇంటి లెక్కల పుస్తకము తెఱువుడు. ఉదాహరణమునకు 30 అడుగుల పడవ 40,000 డాలర్లకు బేరము కుదిరెననుకొందము. పన్ను 2,400. సర్వే అడుగునకు 25 చొప్పున 750. ఎత్తుడు కూలి, మెకానిక్కు కూలి వేఱు. ఏటేట పడవ ధరలో పదవవంతు రేవు అద్దెకును, బీమాకును, శీతకాలపు భద్రతకును, మరమ్మతులకును పోవునని పడవలవారిలో ఒక వాడుకలెక్క కలదు. దాని ప్రకారము 4,000. కాలమున 20 దినములు మాత్రమే పోగలిగినయెడల దినమునకు 200 డాలర్లు పడినది. రెండు పెట్రోలు ఇంజనులు గల ఇట్టిపడవ వేగముగా పోవునప్పుడు గంటకు 20 గాలన్లకు తక్కువ త్రాగదు. మూడు గంటలకు 60 గాలన్లు, అనగా సుమారు 227 లీటర్లు. ఇది పైన చెప్పిన లెక్కలో చేరలేదు. మఱియొక మాట. ఈ పదవవంతు లెక్క పాతపడవ విషయమున మోసము చేయును. పడవ పాతబడి ధర సగమైనను రేవు అద్దె సగము కాదు, మెకానిక్కు కూలి సగము కాదు. 20,000లకు దొరకిన పడవకును 40,000ల పడవకును పొడవు ఒక్కటే యైనచో ఖర్చు ఒక్కటే. తఱచుగా చవుకదానికే ఎక్కువ. కావున చేతనున్న సొమ్మంతయు ధరకే పెట్టక, అందులో ఐదవవంతైనను మొదటియేటి మరమ్మతులకు వేఱుగా నుంచవలెను. అట్లుంచుటకు వీలు కానియెడల అంతకంటె చిన్నపడవను చూచుకొనవలెను.

సొమ్ము పోయిన సంపాదించుకొనవచ్చును. ప్రాణమునకు సంబంధించిన రెండు గాలులను గూర్చి ప్రతి తల్లియు తెలిసికొని తీరవలెను. మొదటిది పెట్రోలు ఆవిరి. అది గాలికంటె బరువైనది గాన క్రిందికి దిగి బిల్జిలో చేరును. ఒక నిప్పురవ్వకు పేలిపోవును. అందుచే పెట్రోలు ఇంజనును త్రిప్పుటకు ముందు గాలిత్రోయు పంకాను కనీసము 4 నిమిషములు నడుపవలెను. ఆ పంకా పనిచేయుచున్నదా, గొట్టము గుంట అడుగువఱకు పోయినదా యని కొనుటకు పూర్వమే చూడుడు. రెండవది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇందాక మేము పొగడిన ముక్కు ఇచ్చట ఏమియు చేయజాలదు. ఇంజనునుండియు, విద్యుత్తు నిచ్చు జనరేటరునుండియు ఇది వెడలును. 2000వ సంవత్సరము ఆగస్టులో అరిజోనా యూటా రాష్ట్రముల సరిహద్దున నున్న పావెల్ సరస్సులో, ఒక హౌసుబోటు వెనుక ఈదుచున్న బాలురు, అన్నదమ్ములిద్దఱు, ఈతబల్ల క్రింద చేరిన జనరేటరు పొగవలన స్పృహతప్పి మునిగి మరణించిరి. వారు గదిలో లేరు. బయలున, నీటిలో నున్నారు. కావున జనరేటరో ఇంజనో నడుచుచుండగా బిడ్డలను పడవ వెనుకభాగమున ఈదనీయరాదు, ఈతబల్లపై కూర్చుండనీయరాదు. నిద్రించు ప్రతిగదిలోను పడవలకై చేసిన కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక గంట యుండవలెను. పాతపడవలో గంట యున్నను దాని గడువు తీఱియుండవచ్చును. దానిపై ముద్రించిన తేదీ చదువుడు. బిడ్డలకు తలనొప్పియు వాంతియు కలిగినచో అలలవలన కడుపు త్రిప్పినదని ఊరకుండక, వెంటనే గాలిలోనికి తీసికొనిపోయి ఇంజను ఆపింపుడు.

ప్రతివ్యక్తికిని సరిపడు లైఫ్ జాకెట్టు పడవలో నుండవలెనని చట్టము. మిషిగన్ లో ఆఱేండ్లలోపు బిడ్డలు పైతట్టున ఉన్నంతసేపును దానిని ధరించియే యుండవలెను. ఏడేండ్ల బిడ్డకు నీరు దయచూపదు గాన, చట్టము ఆఱేండ్లకు విడిచినను తల్లి విడువరాదు. 26 అడుగులకు మించి 40 అడుగులకు లోపు పడవలో మంటలార్పు సాధనములు సాధారణముగా రెండుండవలెను. 2022 ఏప్రిల్ నుండి, వాడి పాఱవేయు రకపు సాధనములను తయారైన 12 ఏండ్లకు తీసివేయవలెనని నియమము వచ్చినది. పాతపడవతో వచ్చు పాతసాధనములను పడవ ధరలో లెక్కింపక, క్రొత్తవి కొనుడు.

మఱి యొక్క ప్రశ్న. పడవ నడుపుచున్న మగనికే నడిసరస్సులో గుండెనొప్పి వచ్చినను, అతడే నీట పడినను, ఎవరు చక్రము పట్టుదురు? సెయింట్ క్లెయిర్ సరస్సు లోతు తక్కువ గాన గాలి లేచినచో పొట్టి అలలు నిటారుగా లేచి పడవను కుదుపును. అట్టివేళ భార్య ఇంజనును ఆపుట, పడవను త్రిప్పుట, లంగరు వేయుట, రేడియోలో 16వ ఛానెల్ పై సహాయము కోరుట నేర్చియుండవలెను. 1996 జూలై 1 నాడును ఆ తరువాతను పుట్టినవారు మోటారు పడవ నడుపుటకు భద్రతా ధ్రువపత్రము పొందవలెనని మిషిగన్ చట్టము. అంతకు ముందు పుట్టినవారిని అది నిర్బంధింపదు. అయినను దంపతులిద్దఱును ఆ పాఠము పూర్తిచేసి, నీటిపరీక్ష దినమున ఇద్దఱును కొంతసేపు చక్రము పట్టి చూడవలెనని మా గట్టి అభిప్రాయము. ఆమె నడుపుటకు వెఱచునంత పెద్దపడవ ఆ కుటుంబమునకు తగినది కాదు.

సర్వే నివేదిక చేతికి వచ్చిన రాత్రి ఇద్దఱును కూర్చుండి దానిని ఆసాంతము చదువుడు. పాతపడవకు దోషములు లేకుండ నివేదిక రాదు, దానికి బెదరవలదు. ప్రాణభయము కలిగించునవి, నీరు చొఱనిచ్చునవి, సొగసునకు సంబంధించినవి అని మూడు వరుసలుగా వ్రాసికొనుడు. మొదటి రెండు వరుసల ఖర్చును ధరనుండి తగ్గింపుమని అడుగుడు. అమ్మువాడు అంగీకరించెనా, సంతోషముగా కొనుడు. మీ బిడ్డల వేసవులు ఆ నీటిపై హాయిగా గడచును. అంగీకరింపనియెడల సర్వేకు పెట్టిన వేయి డాలర్లు పోయెనని చింతింపక లేచి రండు. పడవపై అప్పటికే ఆశ పెంచుకొన్న బిడ్డలకు ఆ మాట చెప్పుట తల్లికి కష్టమే. కాని మిషిగన్ రేవులలో అమ్మకపు పడవలకు కొఱత లేదు. మఱుసటి వేసవికి మఱియొకటి దొరకును.